‘మా చేన్లు తవ్వేది మీ జీతాలకేనా మేడం?’

ప్రశ్న: నేను ఎంఎస్‌డబ్ల్యూ చదివి, కదిరి ప్రాంతంలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఏడాదిన్నరగా పనిచేస్తున్నాను. మా ప్రాజెక్టు కింద ఒక ఊళ్ళో 40 పంట కుంటలు (చేనులో వాన నీళ్ళు పట్టి ఉంచే గుంతలు) తవ్వించాలి. గడువు మార్చి 31. ఇప్పటికి 9 మాత్రమే అయ్యాయి. ఏ మీటింగు పెట్టినా ‘బోరు వేయించండి’, ‘శ్మశానానికి దారి చేయించండి’, ‘ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ళు ఇళ్ళు కట్టించారు, మీరేమిస్తారు?’ అనే మాటలే. ఆడవాళ్ళు ‘సరే మేడం’ అంటారు, మళ్ళీ కనిపించరు. మొన్న ఒక పెద్దాయన అందరి ముందూ ‘మా చేన్లు తవ్వేది మీ జీతాలకేనా మేడం?’ అన్నాడు. వాళ్ళ మంచి కోసమే కదా చెబుతున్నాను, ఎందుకిలా? ఆఫీసులో చెబితే ‘ఇంకా మోటివేట్ చెయ్యండి’ అంటున్నారు. ఈ పని నాకు చేతకాదేమో, మానేద్దామా అనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, శ్రీ సత్యసాయి జిల్లా

సమాధానం: ముందు ఆ పెద్దాయన మాట తీసుకుందాం. మీకది ఎగతాళిగా వినిపించి ఉంటుంది. కానీ కుంటకు తన చేను వదులుకోవాల్సిన రైతు అడగాల్సిన ప్రశ్న అదే. తవ్వితే మీ రిపోర్టులో ఒక అంకె పెరగడం ఖాయం. ఆయనకేం వస్తుందన్నదే ఖాయం కాదు. ఆయన మనసులో వేసుకునే లెక్కను మీరు ఒకసారి కాగితం మీద వేసి చూడండి. ‘ఎందుకిలా’ అన్నదానికి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మీరు తవ్వించేది మామూలు కొలత కుంటే అనుకుందాం. పైన 10 మీటర్లకు 10, లోతు రెండున్నర మీటర్లు, పక్కలు ఒకటికి ఒకటి వాలు, అంటే మీటరు లోతుకు మీటరు లోపలికి. అడుగున 5కు 5 మిగులుతుంది. నిండితే పట్టేది సుమారు 146 ఘనపు మీటర్లు, అంటే లక్షా నలభై ఆరు వేల లీటర్లు. చుట్టూ వదిలే మీటరు జాగా, ఆపైన గట్టు కలుపుకుంటే 16కు 16 మీటర్లు పోతుంది. ఆరు సెంట్ల పైమాటే. ఎకరాకు ఐదు క్వింటాళ్ళ శెనక్కాయ పండే చేనులో ఆరు సెంట్లంటే ఏటా 30 కిలోల కాయ. రెండెకరాల వాడికి ఇది ప్రతి సంవత్సరం కళ్ళముందు కనబడే నష్టం.

ఇక లాభం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఊడలు దిగేటప్పుడో, కాయ ఊరేటప్పుడో వాన మొహం చాటేస్తే పంటకు ఒక తడి ఇవ్వొచ్చు. ఎకరాకు 25 మిల్లీమీటర్ల తడి అంటే 101 ఘనపు మీటర్లు. కుంట నిండా ఉంటే ఒక ఎకరాకు ఒక తడి, ఆపైన కొంచెం మిగులు. వాన తక్కువ పడే మీ వైపు ఆ ఒక్క తడి పంటను నిలబెట్టే సంవత్సరాలు ఉంటాయి, నిజమే. కాకపోతే ఆ తడి అందాలంటే కుంట నిండాలి, నిండిన నీళ్ళు నిలవాలి, నిలిచినవి తోడుకోగలగాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా రైతుకు మిగిలేది గుంత.

నిండటం సంగతి చూడండి. 30 మిల్లీమీటర్ల వాన పడి, అందులో ఐదో వంతు పారిందనుకున్నా ఎకరాకు వచ్చేది 24 ఘనపు మీటర్లు. ఒకే వానకు కుంట నిండాలంటే ఆరెకరాల నీళ్ళు అక్కడికి దిగిరావాలి. కొత్తగా దున్నిన చేనులో ఐదో వంతు కూడా పారదు. అంటే రెండెకరాల రైతు కుంట నిండేది పై చేల వాళ్ళ నీళ్ళతోనే. పై రైతు గట్టు కట్టుకుని ఉంటే ఇటు చుక్క రాదు. ‘నా నీళ్ళు నీ కుంటలోకి ఎందుకు’ అని అన్నదమ్ముల మధ్యే తగాదా అవుతుంది. కుంట ఒక రైతుది అని మీ ఫారంలో రాసి ఉంటుంది. నీళ్ళ లెక్కలో అది నలుగురైదుగురి వ్యవహారం. పై రైతును పిలవకుండా కింది రైతుతో మాత్రమే సంతకం పెట్టించుకున్న చోట్ల ఈ చిక్కు తప్పకుండా వస్తుంది.

నిలవడం ఇంకో కథ. ఎర్ర గరుసు నేలలో ఎండకు పోయేది తక్కువే. రోజుకు 6 మిల్లీమీటర్ల చొప్పున ఆవిరైనా ఈ కుంటకు 600 లీటర్లు. అసలు నష్టం అడుగు నుంచి ఇంకిపోవడం. ఇప్పటికే తవ్విన 9 కుంటల్లో ఒక్కో దాంట్లో సెంటీమీటర్ల గుర్తులు పెట్టిన కర్ర పాతండి. నీళ్ళున్నప్పుడు, వాన లేని నాలుగు రోజులు పొద్దున్నే అదే వేళకు చూసి రాయించండి. రోజుకు ఒక సెంటీమీటరు లోపు తగ్గితే ఆ కుంట బంగారం. రెండు మూడు సెంటీమీటర్లయితే పర్వాలేదు, ఆగస్టు తడికి పనికొస్తుంది. రోజుకు పది సెంటీమీటర్లు తగ్గితే నిండు కుంట 25 రోజుల్లో ఖాళీ. దాన్ని తడికి నమ్ముకోకూడదు.

ఇంకిన నీళ్ళు ఎక్కడికి పోతాయో ఊళ్ళో అందరికీ తెలుసు: కిందనున్న బోరులోకి. చేను ఇచ్చి, ఆరు సెంట్లు పోగొట్టుకున్నది మెట్ట రైతు. బోరులో నీళ్ళు పెరిగేది కింద తోట ఉన్న రైతుకు. ఆ ఇద్దరికీ మాటల్లేకపోతే మెట్ట రైతు కుంట వద్దంటాడు, కారణం మాత్రం మీకు చెప్పడు. దీనికి పరిష్కారం లేకపోలేదు. నీళ్ళు ఇంకిపోయే నేలలో కుంటలను పట్టా చేలల్లో పెట్టడం ఆపి, వంక పోరంబోకులోనో (వాగు వెంట ఉన్న ప్రభుత్వ భూమి), ఊరి ఉమ్మడి జాగాలోనో పెట్టండి. చేనులోనే పెట్టాల్సి వస్తే, కింది బోరు రైతు కరువు రోజుల్లో పై రైతుకు పైపు వేసి ఒక తడి ఇచ్చేలా ఇద్దరి మధ్యా పదిమంది ఎదుట ఒప్పందం రాయించండి. అడుగున ప్లాస్టిక్ షీటు పరిస్తే సరిపోతుందని ఆఫీసు వాళ్ళు అంటారు. ఈ కొలత కుంటకు అంచులతో కలిపి 175 చదరపు మీటర్ల షీటు కావాలి. మేకలు, కుక్కలు దిగిన కుంటలో షీటు మూడో ఏడు చూడటం కష్టం. కంచె లేకుండా షీటు ఊసెత్తొద్దు.

ఇక తోడటం. ఇక్కడే చాలా ప్రాజెక్టులు చతికిలపడతాయి. బోరు ఉన్న రైతుకు కరెంటు 2004 నుంచి ఉచితం. కుంట రైతుకు డీజిలు తన డబ్బు, ఇంజను ఎక్కడుందో తెలియదు. 10 కుంటలకు ఒక ఇంజను, దానికి తగ్గ పైపులు, స్ప్రింక్లర్లు ఉమ్మడిగా పెట్టుకుంటే చాలు. కానీ కరువు అందరికీ ఒకేసారి వస్తుంది కదా. గంటకు 20 ఘనపు మీటర్లు తోడే ఇంజను ఎకరా తడపడానికి 5 గంటలు తీసుకుంటుంది. రోజుకు ఇద్దరు, పది మందికి ఐదు రోజులు. ఎవరు మొదట అన్నది ఆగస్టులో తేల్చబోతే కొట్లాటే. ఉగాదికే చీటీలు తీసి వరస రాసిపెట్టండి. మరుసటి ఏడు ఆ వరస తిరగెయ్యండి. మీ బడ్జెట్‌లో ఇంజనుకు పద్దు ఉందా? లేకపోతే 40 కుంటల కన్నా 20 కుంటలు, రెండు ఇంజన్లు మేలు.

ఇప్పుడు బోరు. వాళ్ళు బోరు అడగడం తెలియనితనం కాదు. నీళ్ళున్న చేనుకు ధర వేరు, పిల్లనిచ్చేవాళ్ళ చూపు వేరు, కరెంటు ఉచితం. ఒక్కసారి రెండించుల నీళ్ళు పడితే టమాటా పెట్టొచ్చు, వలస ఆగుతుంది. కుంట ఇచ్చేది ఒక తడి. రెంటికీ పోలికే లేదు. బోరు తగలకపోతే మునిగేది కూడా అంతే పెద్దగా. మీ వైపు నేల కింద ఉన్నది గ్రానైటు లాంటి గట్టి రాయి. నీళ్ళుండేది రాతి పగుళ్ళలోనే. ఆ పగులు తగిలితే తగిలింది, లేకపోతే ఎనిమిది వందల అడుగులు దిగినా దుమ్మే. కొబ్బరికాయతో చూపించినా, మిషనుతో చూపించినా పాయింటు ఖాయమని ఎవరూ చెప్పలేరు.

ఈ సంగతి మీరు ఉపన్యాసంగా చెబితే ఎవరూ వినరు. వాళ్ళ చేతే రాయించండి. ఒక పెద్ద చార్టు మీద ఊళ్ళో ఇప్పటిదాకా వేసిన ప్రతి బోరూ: ఏ ఏడు వేశారు, ఎన్ని అడుగులు, ఎన్ని ఇంచులు పడ్డాయి, ఎన్నేళ్ళు నడిచింది, ఎంత ఖర్చయింది, ఆ డబ్బు ఏ వడ్డీకి తెచ్చారు. ముగ్గురు రైతులను వెంటబెట్టుకుని చేలన్నీ తిరిగితే చాలావరకు వస్తుంది. ఎవరి పేరూ రాయొద్దు. ఓడిపోయిన బోరు అప్పు అందరి ముందూ చెప్పుకోవడానికి ఎవరికైనా నామోషీ. చార్టు గోడకు అంటించి మీరు ఏమీ మాట్లాడకండి. కూడికలు వాళ్ళే వేస్తారు. రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచి, వాన కొలిచి, ఏ పంట పెట్టాలో తేల్చుకున్న పని ఉమ్మడి రాష్ట్రంలో ఇరవై ఏళ్ళ కిందటే జరిగింది. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ పేరుతో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచిన భూగర్భజల ప్రాజెక్టు అదే. బోర్లు వెయ్యలేదు, సబ్సిడీ ఇవ్వలేదు, కొలవడం నేర్పారు. మీ మండలంలో అప్పటి రైతులెవరైనా ఉంటే వాళ్ళను పిలిపించి మాట్లాడించండి.

మరో మాట. బోరు అడిగినప్పుడు ‘చూద్దాం, పైవాళ్ళతో మాట్లాడతా’ అంటున్నారేమో. మానెయ్యండి. ఆ మాటకు ఊరు ఆరు నెలలు ఎదురుచూసి, ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటనూ నమ్మదు. ‘మా డబ్బుతో బోరు వెయ్యం, ఇప్పుడే కాదు ఎప్పటికీ వెయ్యం’ అని మొదటి రోజే చెప్పాల్సింది. ఇప్పుడైనా చెప్పండి. కొత్త బోరు వేసుకునేవాళ్ళకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలనీ, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వెయ్యకూడదనీ మాత్రం గుర్తుచెయ్యండి. ఊరి ట్యాంకుకు నీళ్ళు తగ్గితే బిందెలతో నడిచేది ఆడవాళ్ళు.

శ్మశానం దారి విషయానికొస్తే, మీ ఉత్తరంలో ఒక ముక్క లేదు. ఏ శ్మశానం? ఊరిదా, ఎస్సీ కాలనీదా? మీ వైపు ఊళ్ళలో రెండూ వేరువేరుగా ఉండటమే ఎక్కువ. కాలనీ వాళ్ళ శవాన్ని వంకలో నడుములోతు నీళ్ళలో దాటించాల్సిన పరిస్థితి ఉంటే, ఆ ఇళ్ళవాళ్ళకు మీ కుంట ముచ్చట ఎలా వినిపిస్తుందో ఊహించండి. ముందు ఈ పని పట్టుకోండి. ఇది మీ ప్రాజెక్టు డబ్బు అడగదు, మీ కాళ్ళు అడుగుతుంది.

గ్రామ సచివాలయంలో సర్వేయర్ దగ్గరికి కాలనీ పెద్దలు ఇద్దరితో కలిసి వెళ్ళి గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (చేల కొలతల పుస్తకం) చూపించమనండి. దారి రస్తా పోరంబోకుగా నమోదై ఉంటే, అది ఎవరి చేనులో కలిసిపోయిందో కొలతతో తేలుతుంది. అప్పుడు తహసీల్దారు పని. పటంలో దారే లేకపోతే పట్టా రైతును ఒప్పించాలి. మీరు కాదు, ఆయన మాట వినే ఊరి పెద్దలు. ఆపైన గ్రామసభ తీర్మానం, దాని నకలు, ఇంజినీరింగ్ అసిస్టెంట్ చేత అంచనా. నకలు చేతిలో లేకుండా సోమవారం గ్రీవెన్స్‌కు వెళితే అర్జీ తిరిగి అదే సచివాలయానికి వస్తుంది. పంచాయతీ వచ్చే ఏడాది ప్రణాళిక అక్టోబరు 2 గ్రామసభతో మొదలై చలికాలంలో ఖరారవుతుంది. అందులో ఎక్కని పనికి నిధి రాదు కాబట్టి ఈ వారమే కార్యదర్శిని కలవండి. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు పెట్టిన నియమంలో 60 శాతం నిధులు తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేశారు. పంచాయతీ తన ఇష్టానికి, అదీ జీతాలకు కాకుండా, వాడుకోగలిగింది 40 శాతం. అలాంటి కొద్ది డబ్బులోనే వీధి దీపాలు, రోడ్లు, ఈ దారి పోటీపడాలి. సర్పంచి ‘ఫండ్స్ లేవమ్మా’ అనడం ప్రతిసారీ తప్పించుకోవడం కాదు.

ఆ దారి వంకను దాటేచోట తూములు వేయిస్తే, పైపుల మీద కనీసం రెండడుగుల మట్టి ఉండాలి. దిగువ వైపు రాళ్ళు పేర్చాలి. లేకపోతే మొదటి పెద్ద వానకే కింద కోసుకుపోయి పైపులు వంకలో పడతాయి.

ఇక్కడ మీ పనీ వాళ్ళ పనీ ఒకదానికొకటి తగులుతాయి చూడండి. ఒక కుంటలో తీసిన 146 ఘనపు మీటర్ల మట్టితో మూడు మీటర్ల వెడల్పు దారిని అడుగు ఎత్తున సుమారు 160 మీటర్లు లేపొచ్చు. దిమ్మిస కొట్టాక కొంత తగ్గుతుంది. గరుసు మట్టి అయితే దారికి బాగా పనికొస్తుంది, జిగట మట్టి అయితే వానకు బురదే. గట్లకు కావాల్సినంత ఉంచుకుని, దారికి దగ్గరున్న మూడు నాలుగు కుంటల మట్టిని అక్కడికి తోలించండి. ట్రాక్టరు ట్రిప్పుకు మూడు ఘనపు మీటర్లు పట్టినా కుంటకు 50 ట్రిప్పుల లోపే. కాలనీలో కుంట లేని వాడికి కూడా కుంటతో మొదటిసారి సంబంధం ఏర్పడుతుంది.

ఎందుకంటే భూమి లేనివాళ్ళకు మీ ప్రాజెక్టులో ఇప్పటిదాకా ఏమీ లేదు. మనిషి రోజుకు ఒకటిన్నర, రెండు ఘనపు మీటర్లు తవ్వగలడనుకుంటే ఒక కుంట 75 నుంచి 100 పనిదినాలు. అదే జేసీబీ గంటకు 15–20 ఘనపు మీటర్ల చొప్పున 8, 10 గంటల్లో తేల్చేస్తుంది. మార్చి గడువు చూసి మీ ఆఫీసు జేసీబీ అంటుంది. చేను ఉన్నవాడికి కుంట, బండి ఉన్నవాడికి బాడుగ, కూలివాడికి బెంగళూరు బస్సు. శీతాకాలంలో వలస మొదలవ్వక ముందే కనీసం కొన్ని కుంటలు మనుషుల చేత తవ్వించగలరా అని చూడండి. పైన ఒకటిన్నర మీటరు మనుషులు, కింద గట్టి పొర వచ్చాక యంత్రం, ఇలా పంచుకుంటే ఖర్చు మరీ పెరగదు. ఉపాధి పనుల డబ్బుతో కలిపే ఉద్దేశం ఉంటే యంత్రం ఊసు రాకూడదు, అక్కడ నిబంధన వేరు.

‘సరే మేడం’ అని వెళ్ళిపోయే ఆడవాళ్ళ సంగతి. మీరు ఊరికి వచ్చేది ఎన్నింటికి? మండలం నుంచి బస్సులో పదిన్నరకు దిగి నాలుగున్నర బస్సుకు వెళ్ళిపోతుంటే, మీరు చూసేది మనుషులు లేని ఊరిని. పాలు పోసి, వండి, తొమ్మిదిలోపు చేనుకు వెళ్ళిన మనిషి సాయంత్రం ఆరుకు గానీ దొరకదు. వారంలో ఒకటి రెండు రాత్రులు సంఘం లీడరు ఇంట్లోనో, మీకు నమ్మకమున్న ఇంకొకరి ఇంట్లోనో ఉండండి. ప్రత్యేకంగా మీటింగు పెట్టకండి. పొదుపు సంఘం నెలవారీ సమావేశంలో డబ్బు లెక్క అయ్యాక పావుగంట అడగండి, చాలు. రామాలయం దగ్గర పెట్టిన మీటింగుకు కాలనీ ఆడవాళ్ళు వచ్చినా వెనక నిలబడతారు, నోరు విప్పరు. కాలనీలో వేరేగా కూర్చోండి.

అక్కడ చెయ్యాల్సింది చింతపిక్కల పందెం. ఊరి అవసరాలన్నీ బొమ్మలుగా నేల మీద గీసి, మనిషికి పది పిక్కలు ఇచ్చి, ఎక్కడ ఎన్ని పెట్టాలో వాళ్ళనే పెట్టమనండి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, కాలనీ, భూమిలేనివాళ్ళు, బోరున్నవాళ్ళు: ఐదు గుంపులు, ఐదు చోట్ల, వేరువేరు వేళల్లో. కలిపి చేయిస్తే అందరూ ముందు పిక్క పెట్టిన పెద్దమనిషి పిక్క పక్కనే పెడతారు. ‘ఊరివాళ్ళు బోరు అడుగుతున్నారు’ అని మీరు రాశారు. ఐదు చార్టులు పక్కపక్కన పెడితే బోరు అడిగే ఊరు ఒకటి, మేత అడిగే ఊరు ఒకటి, దారి అడిగే ఊరు ఇంకొకటి కనబడే అవకాశం ఎక్కువ. వేరుశనగ పెరికే రోజుల్లో, పీర్ల పండగ వారంలో ఇవేవీ పెట్టుకోకండి. పెద్ద గుంపు వచ్చిందని సంతోషించకండి కూడా. ఖాళీగా ఉన్నవాళ్ళు మాత్రమే వచ్చి ఉంటారు.

ఆర్డీటీతో పోలిక గురించి నొచ్చుకోవద్దు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చినప్పటి నుంచి ఆ సంస్థ ఇళ్ళు, బళ్ళు, ఆసుపత్రి కట్టి చూపించింది. ‘సంస్థ’ అంటే కట్టేది అని మూడు తరాలు చూసిన చోట, మీరు ఆరు సెంట్లు అడుగుతూ వెళ్ళారు. ‘మా దగ్గర ఇంత డబ్బుంది, ఇందులో కుంటలకు ఇంత, ఇంజన్లకు ఇంత, నా జీతం ఇంత’ అని బోర్డు మీద రాసి పెట్టండి. ఆఫీసు ఒప్పుకోకపోతే కనీసం కుంటల పద్దు వరకైనా. జీతం మాట అడిగిన పెద్దాయనకు జవాబు చెప్పాల్సింది అక్కడ, అంకెలతోనే. ఆయన చేను వాలు చూసి, అక్కడ కుంట నిండదనిపిస్తే ‘మీ చేనులో వద్దు పెద్దాయనా’ అని మీరే చెప్పండి. నలుగురి ముందు ఆ ఒక్క మాట చెప్పాక మిగతా చేలల్లో మీ మాటకు విలువ పెరుగుతుంది.

స్థలాలు ఎంచే పద్ధతి ముందే గోడకెక్కాలి: పైన కనీసం నాలుగెకరాల నీళ్ళు వచ్చే వాలు (ఒకే వానకు కాకపోయినా అలాంటి రెండు వానలకు నిండుతుంది), కర్ర కొలతలో నిలిచే నేల లేదా పక్క బోరు రైతు ఒప్పందం, పై రైతు సంతకం. ఇలా రాసి ఉంటే సర్పంచి ఇచ్చే పేర్ల చీటీతో గొడవ పడక్కర్లేదు, వాళ్ళ చేలూ ఇదే గీటుకు వస్తాయి. తవ్వేటప్పుడు మాత్రం మీరు లేదా మీ మనిషి పక్కనే ఉండాలి. జేసీబీ డ్రైవరు తిప్పుకోవడానికి వీలుగా మట్టిని ఎగువ వైపు పోస్తాడు, నీళ్ళు రావాల్సిన దారి మూసుకుపోతుంది. కుంట నిండకపోవడానికి ఇది కూడా ఒక కారణం. నీళ్ళు దిగే చోట రాళ్ళు పరవాలి, దానికి ముందు ఒండ్రు ఆగేలా రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత ఉండాలి, నిండాక పొర్లి పోయే దారి గట్టి నేల మీదుగా ఉండాలి. పక్కలు నిటారుగా కోస్తే రెండో వానకు విరిగిపడతాయి. ఒక పక్క మెట్లు, ముళ్ళకంచె, కుంటలోకి వేలాడే తాడు తప్పనిసరి. కుంటల్లో పిల్లలు పోతే ఆ ఊళ్ళో మీకు పని ఉండదు, ఉండకూడదు కూడా.

మిగిలింది ఆఫీసు. ‘ప్రజలు సహకరించడం లేదు’ అని రాసినంత కాలం వాళ్ళు మోటివేషన్ అంటూనే ఉంటారు. ఆ వాక్యం మానేసి ఒక పేజీ నోట్ పంపండి. తొమ్మిది కుంటల్లో ఎన్ని నిండాయి, ఎన్ని నిలిచాయి, కర్ర కొలతలతో. మిగతా చేలల్లో ఎన్నింటికి నాలుగెకరాల వాలు ఉంది, ఎన్నింటికి లేదు. ఆ తర్వాత రెండు కోరికలు. ఒకటి, 40 బదులు ఇన్ని కుంటలు, మిగిలిన డబ్బు ఇంజన్లకు, పైపులకు, వంక పోరంబోకులో ఒకటి రెండు పెద్ద కుంటలకు. చాలా ఒప్పందాల్లో ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు కొంత శాతం మార్చుకునే వీలు రాసి ఉంటుంది. మీ ఒప్పందం అడిగి తెప్పించుకుని చదవండి, ఫీల్డులో ఉన్నవాళ్ళకు అది చూపించరు. రెండు, అదనపు డబ్బు లేకుండా గడువు మే 31 వరకు. మార్చి తర్వాత కూడా చేలు ఖాళీగానే ఉంటాయి, వానలు జూన్‌లో కదా. దాత సంస్థకు ఇందులో పోయేదేమీ లేదు, ఆర్థిక సంవత్సరం లెక్క తప్ప. ఇది ఫిబ్రవరిలో అడిగితే ఆలస్యం, ఈ నెలలోనే పంపండి. 40 ఒప్పుకున్నది మీరు కాదు, ప్రతిపాదన రాసినవాళ్ళు. ఆ అంకె ఊరు చూడకుండా రాసినదని వాళ్ళకూ తెలిసే ఉంటుంది.

ఉద్యోగం మానేయాలా అన్నదానికి ఇప్పుడే తొందరపడొద్దు. ఆ నోట్‌కు జవాబు ఏమొస్తుందో చూడండి. కుంట ఎక్కడైనా ఫర్వాలేదు, 31 గుంతలు తవ్వి ఫొటోలు పంపించమంటే, వేరే చోటు వెతుక్కోవడంలో తప్పు లేదు. మీ చేత ఊరి చేలు పాడుచేయించే ఉద్యోగం అది. 20 కుంటలకు, ఇంజన్లకు ఒప్పుకుంటే వచ్చే సెప్టెంబరు దాకా ఉండండి. ఈలోగా మొదటి పని సర్వేయర్ దగ్గర గ్రామ పటం చూడటం. వెళ్ళేటప్పుడు కాలనీ వాళ్ళతో పాటు ఆ పెద్దాయనను కూడా రమ్మనండి. అలా మొహం మీద అడిగే మనిషి సచివాలయంలోనూ అడుగుతాడు.